60 జీబీ పెండ్లి వీడియో ఎక్కడ ఆగుతోంది?

జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ 2012లో యూట్యూబ్‌లోకి వచ్చింది. ఆ షోలో నటించిన ఆ ఊరి గంగవ్వ 2020లో బిగ్‌బాస్ దాకా వెళ్లింది. వీడియో పనికి హైదరాబాదే పోవాలన్న మాట ఇక్కడ ఎప్పుడో చెల్లిపోయింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో పెండ్లి వీడియోలు తీసేవాళ్లు ఇంట్లోనే ఎడిటింగ్ చేసుకోవచ్చు. సెలవు దొరక్క గల్ఫ్‌లో ఉండిపోయిన అన్నదమ్ములకు ఆ వీడియోయే పెండ్లి.

సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేసే కెమెరాతో గంటసేపు తీస్తే 45 జీబీ అవుతుంది. దాన్ని పక్క గదిలోని కంప్యూటర్‌లోకి కాపీ పెడితే కాసేపు పరుగు, తర్వాత నత్తనడక, చివరికి ఎర్రర్. ‘నెట్ స్లో ఉంది’ అనేస్తారు. కానీ ఇంట్లో రెండు కంప్యూటర్ల మధ్య కాపీకి ఇంటర్నెట్‌తో పనే లేదు. నెట్ కనెక్షన్ పోయినా రౌటర్‌కు కరెంటు ఉంటే చాలు. అందుకోసం ప్లాన్ పెంచుకోవడం డబ్బు దండగ.

కాపీ వేగమే సగం జబ్బు చెబుతుంది. సెకనుకు 11 ఎంబీ దగ్గర కదలకుండా నిలిచిందంటే లింకు 100 మెగాబిట్లకే పరిమితమైందన్నమాట. లాన్ కేబుల్‌లో 8 తీగలుంటాయి. 100 మెగాబిట్లకు 4 చాలు, గిగాబిట్‌కు 8 కావాలి. క్రింపింగ్ (కేబుల్ చివర ప్లగ్ బిగింపు) సరిగా లేక ఒక్క తీగ అందకపోయినా వేగం పడిపోవచ్చు. కాపీ మాత్రం నడుస్తూనే ఉంటుంది కనుక కేబుల్‌పై ఎవరికీ అనుమానం రాదు. కొన్ని రౌటర్లలో పోర్టులే 100 మెగాబిట్లవి. ఆ దారిలో 60 జీబీకి గంటన్నర పడుతుంది. గిగాబిట్‌లో, డిస్కు కూడా అంత వేగంగా రాయగలిగితే, పది నిమిషాల్లో అయిపోతుంది.

మొదట పరుగెత్తి తర్వాత చతికిలబడితే తప్పు తీగది కాకపోవచ్చు. డేటా ముందు మెమరీలోకి చేరుతుంది, అది నిండాక డిస్కు అసలు వేగం బయటపడుతుంది.

రెండూ వైఫైలో ఉంటే డేటాలో ప్రతి ముక్కా ల్యాప్‌టాప్ నుంచి రౌటర్‌కు, అక్కడి నుంచి రెండో ల్యాప్‌టాప్‌కు గాలిలోనే రెండుసార్లు ప్రయాణిస్తుంది. వేగం దాదాపు సగమవుతుంది. ఒక్కదాన్నైనా కేబుల్‌తో కలపాలి.

చిన్న ఫైళ్లన్నీ కాపీ అయి పెద్దది మాత్రమే ‘పట్టదు’ అంటే, చేరాల్సిన డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉందేమో చూడాలి. ఎంత ఖాళీ ఉన్నా అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్‌కో ఎన్‌టీఎఫ్‌ఎస్‌కో మారిస్తే సరి. ఫార్మాట్ చేస్తే ఉన్నదంతా చెరిగిపోతుంది, ముందే వేరే చోట దాచాలి.

అవతలి కంప్యూటర్ అసలు కనిపించకపోతే విండోస్‌లో నెట్‌వర్క్ ‘పబ్లిక్’గా ఉందేమో చూసి ‘ప్రైవేట్’ చేయాలి. ఇంటి నెట్‌వర్క్‌కే ఈ మార్పు, బస్టాండు వైఫైకి కాదు.

మధ్యలో కరెంటు పోతే? విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ అనే కాపీ కమాండ్‌ను ‘/జెడ్’ ఆప్షన్‌తో నడిపితే, మళ్లీ అదే కమాండ్ ఇచ్చినప్పుడు ఆగిన చోటి నుంచే అందుకుంటుంది. కాపీ అయ్యేదాకా రెండు కంప్యూటర్లలోనూ స్లీప్ ఆపేయడం మరవొద్దు.

తలంబ్రాలు రెండోసారి పోయించలేం. రెండు వైపులా ఫైలు సైజు సరిచూసి, వీలైతే విండోస్‌లోని సర్ట్‌యుటిల్ కమాండ్‌తో హ్యాష్ (ఫైలు వేలిముద్ర లాంటి కోడ్) కూడా పోల్చి, వీడియోను చివరిదాకా తిప్పి చూశాకే కెమెరా కార్డు ఫార్మాట్ చేయండి.