స్థిరవిద్యుత్ లౌడ్‌స్పీకరు – దానికి తగిన ఆంప్లిఫయరు

లేడెన్ జాడీని, సమాంతర పలకల కండెన్సరును విద్యార్థులు పాఠ్యపుస్తకములలో చూచియే యుందురు. విద్యుదావేశమును నిలువచేయుటకు మాత్రమే పనికివచ్చునని మనము తలచు ఈ పరికరము సంగీతమును కూడ వినిపింపగలదు. అయితే దానిని ఏ ఆంప్లిఫయరుకు పడిన ఆ ఆంప్లిఫయరుకు తగిలించినచో స్పీకరైనను చెడును, ఆంప్లిఫయరైనను చెడును. ఇందుకు కారణమేమో చూతము.

సాధారణ లౌడ్‌స్పీకరులో అయస్కాంత ధ్రువముల నడుమ ఒక తీగచుట్ట, దానికి అంటించిన కాగితపు శంకువు ఉండును. స్థిరవిద్యుత్ లౌడ్‌స్పీకరులో ఈ అయస్కాంతము లేదు, తీగచుట్ట లేదు. చిల్లులు గల రెండు పలకల నడుమ మిక్కిలి పలుచని ప్లాస్టిక్ పొర ఒకటి బిగించి యుండును. ఈ పొరను కొన్ని వేల వోల్టులతో ఆవేశితము చేయుదురు. ఆంప్లిఫయరు నుండి వచ్చు వోల్టేజిని ఒక ట్రాన్స్‌ఫార్మరు పెంచి పలకలకు అందించును. ఒక పలక ధనమైనప్పుడు రెండవది ఋణమగును. ఆవేశము గల పొరను ఒక పలక లాగును, మరియొకటి నెట్టును. సంగీతమునకు అనుగుణముగా పొర కదలును, దానితో గాలి కదలును, శబ్దము పుట్టును. పొర తేలికయైనది కావున స్వరము మిక్కిలి స్పష్టముగా వినబడును.

ఇంగ్లండులో పీటర్ వాకర్ 1955 లో 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో ఈ స్పీకర్లను గూర్చి వ్యాసములు వ్రాసెను. ఆయన సంస్థ 1957 లో 'క్వాడ్' పేరుతో ఇట్టి స్పీకరును అమ్మకమునకు తెచ్చెను. దానికి ఇవ్వదగిన గరిష్ఠ శిఖర వోల్టేజి 33 వోల్టులు. ఈ సంఖ్యలోనే మన పాఠము చాలవరకు ఇమిడియున్నది.

మొదటి ప్రమాదము స్పీకరుకు. వోల్టేజి హద్దు మీరినచో పొరకు, పలకకు నడుమనున్న గాలి విద్యుత్తును ఆపజాలదు. నిప్పురవ్వ దుమికి పొరను కాల్చివేయును. కాబట్టి ఇచట 'ఎన్ని వాట్లు?' అను ప్రశ్న చాలదు; 'ఎన్ని వోల్టులు?' అని అడుగవలెను. లెక్క సులభము. వాట్లను ఓములతో గుణించి వర్గమూలము తీసినచో వోల్టేజి యొక్క ప్రభావక విలువ వచ్చును. దానిని 1.414 చే గుణించినచో శిఖర విలువ తెలియును. 15 ఓములకు 15 వాట్లు ఇచ్చు వాల్వు ఆంప్లిఫయరు శిఖర వోల్టేజి సుమారు 21 వోల్టులు, ఇది క్షేమము. 8 ఓములకు 100 వాట్లు ఇచ్చు ఆంప్లిఫయరు శిఖర వోల్టేజి 40 వోల్టులు. ఇది హద్దు దాటినది.

'శబ్దమును తగ్గించి వినినచో చాలదా?' అని అడుగవచ్చును. చాలదు. తీగ ఊడినప్పుడు, ప్లగ్గు పెరికినప్పుడు వచ్చు ఒక్క 'ఠప్' అను చప్పుడులో ఆంప్లిఫయరు తన పూర్తి వోల్టేజిని ఇచ్చివేయగలదు.

రెండవ ప్రమాదము ఆంప్లిఫయరుకు. ఏకాంతర ప్రవాహమునకు కండెన్సరు చూపు అడ్డంకి పౌనఃపున్యము పెరిగినకొలది తగ్గును. ట్రాన్స్‌ఫార్మరుతో కూడిన స్పీకరు ఆంప్లిఫయరుకు 2 మైక్రోఫారడుల కండెన్సరు వలె కనబడుననుకొందము. సెకనుకు 100 కంపనముల వద్ద దాని అడ్డంకి సుమారు 800 ఓములు. 1,000 వద్ద 80. 10,000 వద్ద 8. 20,000 వద్ద 4 ఓములు మాత్రమే. అనగా స్వరము హెచ్చినకొలది ఆంప్లిఫయరు అధిక ప్రవాహమును ఈయవలసి వచ్చును.

అంతేకాదు. కండెన్సరులో ప్రవాహము వోల్టేజికి పావు ఆవృత్తి ముందు నడచును. స్పీకరు వద్ద వోల్టేజి సున్నయైన క్షణమున ప్రవాహము గరిష్ఠము. ఆ క్షణమున విద్యుత్ సరఫరా వోల్టేజి ట్రాన్సిస్టరు పైననే పడును. కండెన్సరు సామర్థ్యమును ఖర్చుచేయదు, తిరిగి ఇచ్చివేయును. ఆ భారమంతయు ట్రాన్సిస్టరులో వేడిగా మారును.

మూడవది డోలనముల ప్రమాదము. ఆంప్లిఫయరులో ఫలితములో కొంత భాగమును తిరిగి మొదటికి పంపి దోషములను సరిచేయుదురు. కండెన్సరు వలన ఆ భాగము ఆలస్యముగా చేరినచో, దోషమును సరిచేయవలసినది దానినే పెంచును. అప్పుడు ఆంప్లిఫయరు మన చెవికి వినబడని స్వరముతో తనంత తాను 'కూయుట' మొదలిడును. మనకు శబ్దము వినబడదు. లోపల ట్రాన్సిస్టర్లు మాత్రము కాలిపోవును.

ఇక పాటింపవలసిన జాగ్రత్తలు. స్పీకరు తయారీదారు చెప్పిన శిఖర వోల్టేజిని మించని ఆంప్లిఫయరును ఎన్నుకొనవలెను. అది కండెన్సరు వంటి భారముపై నిలకడగా పనిచేయునని నిర్ధారించుకొనవలెను. అవసరమైనచో శ్రేణిలో 1 ఓము నిరోధమును చేర్చవచ్చును. పై ఉదాహరణములో దీనివలన 20,000 కంపనముల వద్ద కూడ వోల్టేజి నూటికి 3 వంతులు మాత్రమే తగ్గును. ఆంప్లిఫయరుకు మాత్రము నిలకడ చేకూరును. తీగలను తగిలించునప్పుడు, తీయునప్పుడు ఆంప్లిఫయరును ఆపివేయవలెను. 1981 లో వచ్చిన క్వాడ్ నమూనాలో నిప్పురవ్వ పుట్టబోవు సూచన తోచగనే స్పీకరు తన కొనలను తానే కలిపివేసికొను ఏర్పాటు కలదు. స్పీకరుకు ఇది రక్షణయే; కాని ఆ లఘువలయమునకు తాళగల ఆంప్లిఫయరు ఉండవలెను.

ఉపాధ్యాయులకు ఒక సూచన. సిగ్నల్ జనరేటరుకు 2 మైక్రోఫారడుల కండెన్సరును, 10 ఓముల నిరోధమును శ్రేణిలో కలిపి, ఒకటి రెండు వోల్టులతో పౌనఃపున్యమును పెంచుచు ప్రవాహమును కొలిపించినచో ఈ విషయము విద్యార్థులకు కన్నులకు కట్టును. స్పీకరును మాత్రము విప్పరాదు. స్విచ్చి ఆపిన తరువాత కూడ అందులో వేల వోల్టులు కొంతసేపు నిలిచి యుండును. అది కండెన్సరు అను సంగతిని ఆ సమయమున కూడ మరువరాదు.