బండి ఉంది... మట్టేది?

చుట్టూ కొండలు, అడవులు, తీరం. అయినా అండమాన్‌లో డర్ట్ బైక్ సాధనకు చోటు దొరకడం గగనమే. నేల లేక కాదు, ఉన్న నేలకంతా ఎవరో ఒకరు కాపలా ఉండటం వల్ల

లంబాలైన్ నుంచి చుట్టూ చూస్తే మోటార్‌సైకిల్ మోజున్న ఏ కుర్రాడికైనా నోరూరుతుంది. పక్కనే విమానాశ్రయం, చదునుగా మూడు కిలోమీటర్లకు పైగా సాగిన రన్‌వే. ఆ వెనక పచ్చటి కొండలు. కాస్త దూరం పోతే సముద్రం, ఇసుక. వాన వెలిసిన మర్నాడు ఎర్రగా మెరిసే మట్టి దారులు. గతుకుల్లో ఎగరడానికి, బురదలో జారడానికి, వాలు ఎక్కి దిగడానికి ఇంతకంటే అనువైన చోటు ఎక్కడుంటుంది? కానీ ఒక్కో చోటునూ లెక్కలోంచి తీసేస్తూ వస్తే చివరికి మిగిలేది దాదాపు శూన్యం. రన్‌వే నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ ఉత్క్రోశ్‌లో భాగం. కొండలు అటవీ శాఖవి. తీరానికి తీర పరిరక్షణ నిబంధనలున్నాయి. మట్టి దారి ఎవరి పోకతోటలోకో పోతుంది.

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, ఆ ఊరి విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న పేట లంబాలైన్. రెండో ప్రపంచయుద్ధంలో, 1942 మార్చిలో దీవులను ఆక్రమించిన జపాన్ సేనల కాలం నుంచే ఇక్కడి చదును నేల విమానాల పాలైంది. ఇక్కడ తెలుగు కొత్త కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 50 వేల మందికి పైనే. అంటే జనాభాలో దాదాపు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలల కోసం, పనుల కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాల మూడో తరం ఇప్పుడు స్కూళ్లలో, కాలేజీల్లో ఉంది. తాతకు పడవ ఎంతో, మనవడికి బండి అంత.

ఆ మోజుకు కారణాలు వెతకడం కష్టమేమీ కాదు. ఒకప్పుడు డర్ట్ బైక్ అంటే విదేశీ టీవీ చానల్లో కనిపించే వింత. 2011లో హీరో ఇంపల్స్, 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ వచ్చాక పొడవాటి సస్పెన్షన్, గరుకు టైర్లున్న బండి మధ్యతరగతి ఇంటి ముందుకు వచ్చేసింది. ఈలోగా మనవాళ్లూ ప్రపంచ వేదికలెక్కారు. బెంగళూరుకు చెందిన సి.ఎస్. సంతోష్ 2015లో డకార్ ర్యాలీలో పాల్గొన్న తొలి భారతీయుడయ్యాడు, 36వ స్థానంలో ముగించాడు. కేరళలోని షొర్ణూర్‌ కుర్రాడు హరిత్ నోవా 2024లో అదే ర్యాలీలో ర్యాలీ-2 తరగతి విజేతగా నిలిచి, మొత్తం మీద 11వ స్థానం సాధించాడు. ఐశ్వర్య పిస్సే 2019లో బాహా ర్యాలీల ప్రపంచ కప్ మహిళల టైటిల్ గెలిచింది. ఇవన్నీ యూట్యూబ్‌లో చూసిన పదిహేడేళ్ల కుర్రాడు 'నేనెందుకు చేయలేను' అనుకోవడంలో తప్పేముంది? వాళ్లు నేర్చుకున్న చోటు లాంటిది తనకు ఎక్కడుందన్నదే చిక్కు.

గీతల మధ్య దీవి

అండమాన్ నికోబార్ దీవుల మొత్తం విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు. అందులో దాదాపు 87 శాతం రికార్డుల్లో అటవీ భూమి. మిగిలిన కాస్తలోనే ఊళ్లు, పొలాలు, తోటలు, రేవులు, రక్షణ స్థావరాలు. ఉత్తరం వైపు ట్రంక్ రోడ్డు పట్టుకుని పోదామంటే జిర్కటాంగ్ దగ్గర జారవాల రిజర్వు మొదలవుతుంది. అక్కడ వాహనాలు కాన్వాయ్‌గా, పోలీసు కాపలాతో, ఆగకుండా పోవాల్సిందే. దారి తప్పడం నేరం, ఆ మాటకొస్తే అమానుషం కూడా. పడమరకు వండూర్ వెళితే 1983లో ఏర్పాటైన మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్క్. మధ్యలో ధనిఖారి ఆనకట్ట పరీవాహక ప్రాంతం ఉంది. నగరానికి తాగునీరు వచ్చేది అక్కడి నుంచే.

ఖాళీగా కనిపించే నేల కూడా ఖాళీ కాదు. సిప్పీఘాట్ వైపు వెళ్లే దారిలో ఒకప్పటి వరి పొలాలు కనిపిస్తాయి. 2004 డిసెంబరు 26 నాటి భూకంపానికి దక్షిణ అండమాన్ నేల కుంగిపోవడంతో, సునామీతో చొచ్చుకొచ్చిన ఉప్పునీరు అక్కడే నిలిచిపోయింది. ఇప్పుడవి చిత్తడి నేలలు, పక్షుల విడిదులు. ఇసుక తీరాలు సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు. ఇసుక కింద ఉన్న గూడు పై నుంచి కనిపించదు. బండి టైరుకు అసలే కనిపించదు.

మరో సంగతి వాన. దేశంలో నైరుతి రుతుపవనాలు ముందుగా పలకరించేది ఈ దీవులనే, అదీ మే నెలలోనే. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. టైర్లు చెక్కేసిన వాలు మీద గడ్డి మళ్లీ మొలవకముందే వాన ఆ చాళ్లను కాలువలుగా మారుస్తుంది. కొట్టుకుపోయిన మట్టి వాగులోకి, అక్కడి నుంచి సముద్రంలోకి చేరుతుంది. మట్టి పేరుకుంటే పగడపు దిబ్బలకు ఊపిరాడదు. మైదాన ప్రాంతంలో ఒక గుట్ట మీద చేసిన అల్లరి అక్కడితో పోతుంది. దీవిలో అది నీటి అడుగుదాకా పోతుంది.

చట్టం చెప్పేది

'ఊరి చివర ఎవరూ ఉండరులే' అన్నది చట్టం ముందు చెల్లని మాట. మోటారు వాహనాల చట్టం దృష్టిలో ప్రజలకు వెళ్లే హక్కున్న ప్రతి చోటూ బహిరంగ స్థలమే, అది రోడ్డు కానక్కర్లేదు. బీచ్ అయినా, మైదానమైనా అంతే. అక్కడ అనుమతి లేకుండా పందేలు, వేగ పరీక్షలు పెట్టుకుంటే 189వ సెక్షన్ కింద తొలిసారి మూడు నెలల వరకు జైలు లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ. పోటీల కోసమే తయారయ్యే కవాసాకి కేఎక్స్ వంటి బైక్‌లకు హెడ్‌లైట్ ఉండదు, రిజిస్ట్రేషనూ ఉండదు. వాటిని ఇంటి నుంచి ట్రాక్ దాకా నడుపుకుంటూ పోకూడదు, వేరే బండి మీద ఎక్కించి తీసుకుపోవాల్సిందే.

తల్లిదండ్రులకు ఇంకా పెద్ద హెచ్చరిక ఉంది. 2019 సవరణతో వచ్చిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా వాహన యజమానికి మూడేళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ముచ్చటపడి కొనిచ్చిన బండి ఇంటిల్లిపాదినీ స్టేషన్ మెట్లు ఎక్కించగలదు.

ప్రధాన భూభాగంలో మాత్రం?

దీవిలోనే ఈ కరువని అనుకుంటే పొరపాటు. 2024లో పుణెలో మొదలైన ఇండియన్ సూపర్‌క్రాస్ రేసింగ్ లీగ్ రెండో సీజన్‌లో హైదరాబాద్ గచ్చిబౌలికి కూడా వచ్చింది. సూపర్‌క్రాస్ ఆనవాయితీ ఒకటుంది. 1972లో లాస్ ఏంజెలెస్ కొలీసియంలో మొదలైన నాటి నుంచీ స్టేడియంలోకి లారీల కొద్దీ మట్టి తోలి గుట్టలు కడతారు, ఆట ముగిశాక ఎత్తేస్తారు. జనం చప్పట్లు కొట్టి ఇళ్లకు పోతారు. వాళ్లలో ఎవరికైనా మర్నాడు పొద్దున బండి తీసి సాధన చేయాలనిపిస్తే ఆ మట్టి అక్కడ ఉండదు.

విశాఖ సంగతీ అంతే. భీమునిపట్నం దారిలోని ఎర్రమట్టి దిబ్బలను చూస్తే అవి డర్ట్ బైక్‌ల కోసమే పుట్టాయా అనిపిస్తుంది. కానీ వేల ఏళ్ల పాటు గాలి, సముద్రం కలిసి పేర్చిన ఆ దిబ్బలు భూగర్భ సర్వే సంస్థ గుర్తించిన వారసత్వ ప్రదేశం. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరాయి. అక్కడ ఒక్క చక్రపు చాలు వానాకాలం ముగిసేసరికి లోయ అవుతుంది.

అందుకే పద్ధతిగా నేర్చుకోదలచిన వారిలో చాలామంది కోలారు బాట పడుతున్నారు. బెంగళూరుకు దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో, వీధుల్లో తెలుగు ధారాళంగా వినిపించే ఆ ఊరి దగ్గర సంతోష్ స్థాపించిన బిగ్‌రాక్ డర్ట్‌పార్క్ ఉంది. ప్రైవేటు భూమి, ముందే గీసిన ట్రాక్, పక్కనే శిక్షకుడు. ఈ మూడూ ఒకచోట దొరకడమే దాని ప్రత్యేకత. లంబాలైన్ కుర్రాడికి మాత్రం అది సముద్రం అవతలి మాట. విమానం టికెట్టు, బస, ఫీజు కలిపితే ఒక్క శిక్షణ కోర్సుకే ఇంటి బడ్జెట్ తలకిందులవుతుంది.

అరెకరం చాలు

అయితే దారి లేదా? ఉంది, కాకపోతే చిన్నది. డర్ట్ రైడింగ్ నేర్చుకోవడానికి కొండలు, లోయలు అక్కర్లేదు. మొదటి ఆరు నెలలకు అరెకరం చదును నేల చాలు. ఈ ఆటలో పునాది వేగం కాదు, నిదానం. పది అడుగుల దూరంలో రెండు డబ్బాలు పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో కాలు నేలకు ఆనించకుండా తిప్పడం, ఫుట్‌పెగ్‌ల మీద నిలబడి మోకాళ్లతో ట్యాంకును అదిమిపట్టడం, రెండు వేళ్లతో క్లచ్‌ను అదుపు చేస్తూ నడక వేగంతో పోవడం, వదులు మట్టిలో ముందు బ్రేకును ఎంత మెల్లగా నొక్కాలో చేతికి అలవాటు చేయడం, అడ్డంగా పడేసిన కొబ్బరి దుంగను దాటడం. ఇవి రాకుండా ఎగిరితే ఎముకే లెక్క తేలుస్తుంది.

అలాంటి నేల ఎక్కడ దొరుకుతుంది? సర్కారు భూమిలో కాదు, తెలిసినవారి సొంత భూమిలో. పంట లేని మడి, తోట పక్కన చదును చేసిన చోటు, ఇల్లు కట్టబోయే స్థలం. పెదనాన్నదో, మావయ్యదో, నాన్న స్నేహితుడిదో అయితే మరీ మంచిది. అడగడంలోనే ఉంది కిటుకు. ముందు రెవెన్యూ రికార్డులో ఆ భూమి నిజంగా వారిదేనా, అటవీ హద్దులోకి పోతుందా అన్నది చూసుకోవాలి. యజమాని అనుమతి కాగితం మీద తీసుకోవాలి. ఏ రోజు, ఏ వేళ, ఎన్ని బళ్లు అన్నది ముందే ఒప్పుకోవాలి. ఇరుగుపొరుగుకు చెప్పి, పరీక్షల రోజుల్లో, ప్రార్థన వేళల్లో ఇంజన్ ఆపేయాలి. సైలెన్సర్ మార్చి చప్పుడు పెంచితే వారం తిరక్కముందే ఆ గేటుకు తాళం పడుతుంది. వాలు మీద కాకుండా చదునులో తిప్పడం, వానల్లో విరామం ఇవ్వడం, జనవరి నుంచి ఏప్రిల్ దాకా వచ్చే పొడి నెలలను వాడుకోవడం నేలకూ మేలు, స్నేహానికీ మేలు.

బండి విషయంలోనూ జాగ్రత్తలున్నాయి. రోడ్డు మీద ఉంచే గాలి కంటే టైర్లలో కాస్త తగ్గిస్తే మట్టిలో పట్టు పెరుగుతుంది. మరీ తగ్గిస్తే ట్యూబు చిట్లుతుంది, రిమ్ సొట్టపోతుంది. తిరుగు ప్రయాణానికి ముందు మళ్లీ నింపడం మరిచిపోకూడదు. హెల్మెట్, కళ్లద్దాలు, చీలమండ దాటిన బూట్లు, మోకాలి, మోచేతి కవచాలు, గ్లవ్స్ కొన్నాకే మిగతా హంగుల మాట. ఒంటరిగా ఎప్పుడూ వెళ్లకూడదు. పడితే లేపడానికి ఒకరు, కబురు చేయడానికి మరొకరు ఉండాలి. రేసులు, వేగ పరీక్షల్లో జరిగిన నష్టాన్ని సాధారణ వాహన బీమా భరించదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

పన్నెండు వందల కిలోమీటర్లు

దీవిలో ఈ జాగ్రత్తలకు మరింత బరువుంది. విశాఖకు ఇక్కడి నుంచి దాదాపు 1,200 కిలోమీటర్లు, చెన్నైకి ఇంకా ఎక్కువ. ఊళ్లో జి.బి. పంత్ ఆస్పత్రి ఉన్నా, తీవ్రమైన కేసులను ప్రధాన భూభాగానికి పంపాల్సి వస్తుంది. తలకో, వెన్నుకో తగిలిన దెబ్బకు ప్రతి గంటా లెక్కే. 2021 జనవరిలో సౌదీ అరేబియాలో జరిగిన డకార్‌లో పడిపోయిన సంతోష్‌ను హెలికాప్టర్ రియాద్ ఆస్పత్రికి చేర్చింది, తల దెబ్బకు వైద్యులు కోమాలో ఉంచి చికిత్స చేశారు. ఏళ్ల అనుభవం, మేలైన కవచం, పైన ఎగిరే హెలికాప్టర్ ఉన్నవాడి సంగతే అది. రాత్రిపూట ఖాళీ రోడ్డు మీద చెప్పులతో ముందు చక్రం లేపే కుర్రాడికి ఆ మూడింటిలో ఏదీ లేదు.

సాధనకు చోటు కావాలనే వాదనకు అసలు బలం ఇక్కడే ఉంది. చోటు లేకపోతే మోజు ఆగదు, రోడ్డెక్కుతుంది. ట్రాక్ మీద పడితే పడేది ఒక్కడే. రోడ్డు మీద పడితే ఎదురుగా స్కూటీ మీద వస్తున్న ఎవరి అమ్మో కూడా పడుతుంది.

చోటిస్తే ఏమవుతుందో ఈ దీవులు ఇప్పటికే చూపించాయి, రెండు చక్రాల మీదే, ఇంజన్ లేకుండా. సునామీలో చెట్టును పట్టుకుని బతికి బయటపడ్డ తొమ్మిదేళ్ల కార్ నికోబార్ బాలిక డెబోరా హెరాల్డ్, 2015 నాటికి 500 మీటర్ల టైమ్ ట్రయల్లో ప్రపంచంలో నాలుగో ర్యాంకు సైక్లిస్టు. నికోబార్‌కే చెందిన ఈసో అల్బెన్ 2018లో జూనియర్ ప్రపంచ ట్రాక్ సైక్లింగ్‌లో రజతం గెలిచాడు. ఆ మరుసటి ఏడాది స్వర్ణం సాధించిన భారత జూనియర్ జట్టులోనూ ఉన్నాడు. వాళ్లకు ప్రతిభ పుట్టుకతో వచ్చి ఉండొచ్చు. కానీ సైకిలు, కోచ్, రోజూ తిప్పడానికి ఒక చోటు మాత్రం ఎవరో ఇచ్చారు.

డర్ట్ బైక్‌కు అంత కూడా అవసరం లేదు. క్వారీ పని ముగిసిన గుంతో, చెట్టు పుట్ట లేని బంజరో ఒకటి చూసి, చుట్టూ కంచె వేసి, వారానికి రెండు పూటలు తెరిచి, హెల్మెట్ లేనివాడిని గేటు దగ్గరే ఆపేస్తే సగం సమస్య తీరుతుంది. అప్పటిదాకా లంబాలైన్ కుర్రాడికి మిగిలినవి రెండే దారులు. ఒకటి అర్ధరాత్రి రోడ్డు. రెండోది ఆదివారం పొద్దున్నే పెదనాన్న ఇంటికి వెళ్లి, చేతులు కట్టుకుని నిలబడి, ఆ పడమటి మడి వానల దాకా ఖాళీగానే ఉంటుందా అని అడగడం. అన్నిటికంటే కష్టమైన సాధన ఆ రెండోదే కావచ్చు. కానీ అందులో ఎముకలు విరగవు.