గింజలు చల్లితే సరిపోదు

డాబా మీద గుప్పెడు బియ్యం చల్లి చూడండి. జగిత్యాలలోనైనా కోరుట్లలోనైనా ముందు దిగేవి పావురాలే. వాటి వెనకే కాకులు. పెరట్లోకి తేనెపిట్ట రావాలి, పిగిలిపిట్ట రావాలి అనుకున్నవాళ్లకు నిరాశ తప్పదు. తేనెపిట్టకు పూలలోని మకరందం కావాలి, పిగిలిపిట్టకు పండ్లూ పురుగులూ కావాలి, ఆకులు కుట్టి గూడు కట్టే దర్జీపిట్ట బతికేదే పురుగుల మీద. బియ్యంతో వీటికి పనిలేదు.

గింజలు తినే ఊరపిచ్చుక సంగతి చూసినా అంతే. పుట్టిన కొత్తలో పిల్లల నోట్లో అది పెట్టేవి చాలావరకు పురుగులే. గుడ్డు పగిలిన రెండు వారాలకల్లా పిల్లకు ఈకలు రావాలి, గూడు వదిలి ఎగరాలి. అంత తొందరగా కండ పట్టాలంటే మాంసకృత్తులు దండిగా అందాలి. వడ్లగింజలో ఉండేది ఎక్కువగా పిండిపదార్థం. మెత్తటి గొంగళిపురుగులో మాంసకృత్తులతో పాటు కొవ్వూ నీరూ ఉంటాయి. చూరుకు వరిగొలుసుల కుచ్చు వేలాడదీయడం మంచి అలవాటే, పెద్ద పిచ్చుకల కడుపు నిండుతుంది. ఆ పక్కనే గులాబీలకు పురుగుమందు కొడితే మాత్రం పిల్లల నోటి ముద్ద లాగేసినట్టే.

మరి పురుగులు ఎక్కడ పెరుగుతాయి? చెట్లు తమ ఆకుల్ని కాపాడుకోవడానికి వాటిలో చేదునో విషాన్నో దాచుకుంటాయి. ఏ పురుగు ఏ విషాన్ని అరిగించుకోగలదనేది వేల ఏళ్ల సహవాసంలో కుదిరిన లెక్క. వేరే ఖండం నుంచి తెచ్చిన అలంకరణ మొక్క ఆకును మన పురుగుల్లో చాలావాటికి అరిగించుకునే శక్తి లేదు. అమెరికాలోని వాషింగ్టన్ నగరంలో ఇళ్ల తోటల మీద జరిగిన అధ్యయనమొకటి 2018లో వెలువడింది. తోటలో దేశవాళీ మొక్కల వాటా 70 శాతం దాటిన చోటే చికడీ అనే చిన్న పిట్ట తన సంతతిని నిలుపుకోగలిగిందని అందులో తేలింది. మన పెరటికీ ఇదే సూత్రం. నిమ్మ, కరివేపాకు మొక్కల మీద సీతాకోకచిలుకల గొంగళ్లు పెరుగుతాయి. బతుకమ్మలో పేర్చే తంగేడు కూడా అలాంటి మొక్కే. కరివేపాకు పండ్లు, ఎండాకాలం చివర రాలే వేపపండ్లు పిగిలిపిట్టలకు, కోయిలలకు ఇష్టం. తేనెపిట్ట కోసం మందారం, నూరువరహాలు, అరటి ఉంటే చాలు. కొరికిన ఆకులు నాలుగు కనబడగానే మందు సీసా తీయకపోతే మిగతా పని పిట్టలే చూసుకుంటాయి.

మే నెలలో జగిత్యాల జిల్లాలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంటుంది. పక్షులకు చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి రొప్పుతూ ఒంట్లోని తేమను ఆవిరి చేసి చల్లబడతాయి. అలా పోయిన నీటిని మళ్లీ తాగి నింపుకోవాలి. కాబట్టి వేసవిలో తిండి కన్నా నీళ్ల పళ్లెం విలువ ఎక్కువ. రెండంగుళాల లోతుకు మించని మట్టి మూకుడులో ఒక రాయి వేస్తే చిన్న పిట్టలు దానిమీద నిలబడి తాగుతాయి, స్నానం చేస్తాయి. పిల్లి పొంచి ఉండే పొదకు దూరంగా, నీడపట్టున పెట్టాలి. రోజూ కడిగి నీళ్లు మారిస్తే దోమలు గుడ్లు పెట్టినా పిల్లలయ్యే వ్యవధి దొరకదు.

తిండీ నీళ్లూ దొరికాక పిట్ట వెతికేది గూటికి చోటు. గూనపెంకుల ఇళ్లలో చూరు కింద సందులు ఉండేవి, పిచ్చుకలు అక్కడే కాపురం పెట్టేవి. స్లాబు ఇళ్లలో ఆ సందులు లేవు. ఇంచుంపావు రంధ్రం ఉన్న చెక్కపెట్టెను ఎనిమిది, పది అడుగుల ఎత్తున, పడమటి ఎండ తగలని గోడకు బిగిస్తే పిచ్చుక దూరుతుంది, గోరింక దూరలేదు. రంధ్రం ముందు పుల్ల అక్కర్లేదు, అది శత్రువుకే మెట్టవుతుంది. తేనెపిట్ట, దర్జీపిట్ట గూళ్లకు సాలెగూటి దారం కావాలి. పెరటి మూలల్లోని బూజు అంతా దులపకండి.

సిరిసిల్లవాళ్లకు ఒక ప్రత్యేక జాగ్రత్త. మరమగ్గాల దగ్గర మిగిలిన పాలిస్టర్ పోగుల్ని గూటికి పనికొస్తాయని బయట వేయవద్దు. అవి తెగవు, కుళ్లవు. పిల్లల కాళ్లకు చుట్టుకుంటే ఊడిరావు. దూది పింజలు, పొట్టి కొబ్బరిపీచు ముక్కలు పెట్టండి.

అన్ని పిట్టలూ ఇంటి పెరటికి రావు. మన రాష్ట్రపక్షి పాలపిట్ట పొలాల మీది తీగలపై కూర్చుని మిడతల్ని పడుతుంది, చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. మన దేశపు పక్షుల స్థితిపై 2023లో వచ్చిన నివేదిక ప్రకారం వీటి సంఖ్య దీర్ఘకాలంలో 30 శాతానికి పైగా తగ్గింది. పొలం గట్టున ఎండిన తాటిమోడు ఉంటే దాన్ని కొట్టించకండి, పాలపిట్టకు అది పురిటిల్లు.

మీ శ్రమ ఫలించిందో లేదో తెలుసుకునే మార్గమూ ఉంది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతటా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది. 2013 నుంచి భారతీయులూ పాల్గొంటున్నారు. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట కూర్చుని కనబడిన పిట్టల్ని రాసి పంపితే చాలు. తొలకరికి నాటిన కరివేపాకు ఏం చేసిందో ఏటేటా ఆ జాబితాల్ని పోల్చి చూస్తే తెలుస్తుంది.