కల్యాణమిత్రుడు
బౌద్ధ ధ్యానవిద్యలో గురువు, సహవాసము

విద్యలలో కొన్ని పుస్తకమువలన అలవడును. కొన్ని గురుముఖమున గాని అలవడవు. భూగోళమును చదివి తెలిసికొనవచ్చును. ఈతను చదివి నేర్చినవాడు లేడు. వీణ మీది వ్రేళ్ల పట్టును, కుమ్మరి సారె మీది మట్టి అదనును చేయి తిరిగినవాని యెదుట కూర్చుండి నేర్వవలసినదే. మరి కన్నులు మూసికొని ఒంటరిగా చేయు ధ్యానము ఏ కోవకు చెందును? పైకి చూచినచో దీనికి గురువుతో పనిలేదనిపించును. ఊపిరి మనది, మనస్సు మనది, కూర్చుండు చోటు మనది. పైగా నేడు చేతిలోని ఫోను నొక్కినంతనే ధ్యానోపదేశములు వందలకొలదిగా వినవచ్చుచున్నవి. ఇక ఇతరుల అవసరమేమి?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. బుద్ధుని కాలముననే పుట్టినది. ఎవరికి వారే శరణమై నిలువవలెనని అంత్యకాలమున బోధించినవాడు ఆయనయే. మంచి స్నేహము ధర్మజీవనములో సగపాలని ఆనందుడు పలికినపుడు, సగపాలు కాదు, సమస్తమును అదియే యని సవరించినవాడును ఆయనయే. పాళీ వాఙ్మయమున ఈ రెండు బోధలును పక్కపక్కనే నిలిచియున్నవి. వీనికి పొందిక యెట్లు కుదురునో తెలిసికొన్నచో ధ్యానవిద్యలో గురువు స్థానము మనకు బోధపడును.

మేఘియుని మామిడితోపు

ఉదానమను పాళీ గ్రంథమున మేఘియుడను భిక్షువు కథ కలదు. అతడు కొంతకాలము బుద్ధునికి పరిచర్య చేసినవాడు. ఒకనాడు భిక్షకు పోయి వచ్చుచు కిమికాలా నదీతీరమున చక్కని మామిడితోపును చూచెను. ధ్యానమునకు ఇంతకన్న తగిన చోటు లేదని తలచి, అచటికి పోవ ననుజ్ఞ యిమ్మని బుద్ధుని వేడెను. మరియొక భిక్షువు వచ్చువరకు ఆగుమని ఆయన చెప్పెను. మేఘియుడు వినక ముమ్మారు అడిగెను. మూడవమారు బుద్ధుడు అతనిని వారింపలేదు. తీరా తోపులో చెట్టునీడను కూర్చుండగా, కామము, ద్వేషము, హింస అను మూడు విధముల తలపులు ఈగలవలె ముసిరికొన్నవి. సాయంకాలమునకు మేఘియుడు విస్తుపోయి తిరిగివచ్చెను.

ఇచట గమనింపదగినది గురువు తీరు. ముందే చెప్పితిని గదా యని ఆయన దెప్పలేదు. పండని చిత్తమును పండించునవి అయిదు కలవని చెప్పి, వానిలో మొదటిదిగా కల్యాణమిత్రుని పేర్కొనెను. శీలము, సాధనకు అనుకూలమైన సంభాషణము, పూనిక, ప్రజ్ఞ యనునవి తక్కిన నాలుగు. మొదటిది కలిగినవానికి తక్కినవి సమకూరుటకు దారి యేర్పడునని కూడ వివరించెను.

తోపులో దోషము లేదు. మేఘియుని సంకల్పములోను దోషము లేదు. తన మనస్సు తన మీదికే తిరుగబడినపుడు, ఇది అందరికిని కలుగునదే, దీనికి మందు కలదు అని చెప్పు తోడు లేకపోవుటయే లోపము. తొలిసారి కన్నులు మూసికొని కూర్చున్న ప్రతివానికిని ఈ అనుభవము కలుగును. తోడు లేనివాడు, ధ్యానము తనకు పనికిరాదనియో, తానే ధ్యానమునకు పనికిరాననియో నిశ్చయించుకొని లేచిపోవును.

తంత్రి బిగువు

సోణుడు చంపానగరమున సంపన్న గృహమున పుట్టినవాడు. భిక్షువై, పాదములు చిట్లి నడచిన నేల నెత్తురుతో తడియునంతగా శ్రమించెను. ఐనను ఫలము కానరాక, ఇంటికి మరలి దానధర్మములు చేసికొనుచు బ్రదుకుట మేలని తలపోసెను. బుద్ధుడు అతనికి ఉపన్యాసము చేయలేదు. అతనికి బాగుగా తెలిసిన వీణను గూర్చి ప్రశ్నించెను. తంత్రులు మితిమీరి బిగిసినను నాదము పలుకదని, మరీ వదులైనను పలుకదని సోణుని నోటనే చెప్పించెను. ప్రయత్నమునకును అట్టి శ్రుతి యొకటి కలదని ఆ పిమ్మట బోధించెను.

పుస్తకము అందరికి ఒక్కమాటయే చెప్పును. ఫోనులోని గొంతుకయు అంతే. పూనికను పెంచుమని అది చెప్పినచో, సోణుని వంటివాడు మరింత నెత్తురు కార్చుకొనును. ఎదుటనున్నవాని తంత్రి బిగిసియున్నదో, వదులైయున్నదో కనిపెట్టి చెప్పగలవాడు సజీవుడైన గురువొక్కడే.

క్రీ.శ. 5వ శతాబ్దమున సింహళద్వీపమందలి అనురాధపురమున బుద్ధఘోషాచార్యుడు విసుద్ధిమగ్గమును రచించెను. అందు ధ్యానమునకు ఆలంబనములుగా 40 కమ్మట్ఠానములు వివరింపబడినవి. మానవుల స్వభావములు రాగము, ద్వేషము, మోహము, శ్రద్ధ, బుద్ధి, వితర్కము అని ఆరు విధములుగా విభజింపబడినవి. కోపస్వభావునికి మైత్రీభావన, ఆలోచనలు ఎడతెగనివానికి శ్వాసను గమనించు ఆనాపానము తగినవని అందలి నిర్ణయము. ఎవని కేది తగునో కల్యాణమిత్రుని అడిగి గ్రహింపవలెనే గాని నచ్చినదానిని తానే యేరుకొనరాదని ఆ గ్రంథము యొక్క ఆశయము. ఆ గ్రంథము చివర ఆచార్యుని స్వస్థలముగా సూచింపబడిన ఊరు ఆంధ్రదేశమున గుంటూరు ప్రాంతములోనిదని కొందరు పండితులు అభిప్రాయపడిరి.

ఒంటరి గది, ఉమ్మడి మండపము

గురువు ఒక్కడే చాలడు. కలిసి నడచువారు కావలెను. వినయపిటకము ప్రకారము క్రొత్తగా చేరిన భిక్షువు కనీసము 5 సంవత్సరములు పెద్దల ఆశ్రయమున ఉండవలెను. అతనికి ఉపాధ్యాయుడగువానికి భిక్షుత్వమున 10 సంవత్సరములైనను నిండియుండవలెను. ఉపాధ్యాయుని శిష్యుడు తండ్రివలెను, శిష్యుని ఉపాధ్యాయుడు కొడుకువలెను చూడవలెననునది నియమము. గురువు జబ్బుపడినచో శిష్యుడు సేవచేయవలెను; శిష్యుడు జబ్బుపడినచో గురువు కూడ అట్లే పరిచర్య చేయవలెను. సేవ శిష్యుల వంతు మాత్రమే యని తలచువారు ఈ రెండవ నియమమును గుర్తుంచుకొనదగును.

ఈ నియమములను రాతిలో చూడగోరువారు నాగార్జునకొండకు పోవలెను. క్రీ.శ. 3వ శతాబ్దమున ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి అచటనే వెలసెను. పెక్కు బౌద్ధశాఖల వారికి అచట విహారములుండెను. సింహళ భిక్షువులకు ప్రత్యేకముగా ఒక విహారమే యుండెను. 1954 నుండి 1960 వరకు జరిగిన త్రవ్వకములలో బయల్పడిన ఆ లోయ తరువాత నాగార్జునసాగర జలాశయమున మునిగెను. కొన్ని కట్టడములను కొండమీదను, ఒడ్డుననున్న అనుపువద్దను మరల నిలిపిరి. ఆ విహారముల రూపము సామాన్యముగా ఒక్కటే. నడుమ స్తంభముల మండపము, దాని చుట్టును వరుసగా చిన్న గదులు. గది ఒక్కని ధ్యానమునకు, మండపము అందరి సమావేశమునకు. గది గుమ్మము మండపమువైపే తెరచికొనును. మనము మొదట అడిగిన ప్రశ్నకు ఆనాటి శిల్పులు ఇటుకతోను రాతితోను సమాధానము చెప్పిరి: ఏకాంతము కావలెను, కాని పిలిచినచో పలుకువారి నడుమ.

రైతు, లెక్కల అధికారి, వర్తకుడు

గృహస్థులకు ఈ విద్య దక్కిన వృత్తాంతము నిన్నమొన్నటిది. బర్మాలో లెడీ సయడా (1846-1923) అను మహాపండితుడైన భిక్షువు, ధ్యానము సన్న్యాసుల సొత్తు మాత్రమే కాదని భావించి సామాన్యులకు బోధించెను. ఆయన శిష్యుడైన సయా థెట్జీ (1873-1945) ఒక రైతు. గురువు ఆజ్ఞచే ఆ రైతు ఆచార్యుడయ్యెను. 1937లో ఆయనవద్ద నేర్చినవాడు ప్రభుత్వ లెక్కల శాఖలో ఉద్యోగియైన ఊ బా ఖిన్ (1899-1971). 1948లో బర్మా స్వతంత్రమైనపుడు ఆయన అకౌంటెంట్ జనరల్ అయ్యెను. కార్యాలయ సిబ్బందికి ధ్యానము నేర్పుచు, 1952లో రంగూనులో అంతర్జాతీయ ధ్యానకేంద్రమును నెలకొల్పెను.

మాండలేలో పుట్టిన భారతీయ వర్తకుడు సత్యనారాయణ గోయెంకా (1924-2013) తీవ్రమైన తలనొప్పితో బాధపడుచు ఆయనను ఆశ్రయించెను. తలనొప్పి కొరకే వచ్చినచో ఈ విద్య నీయనని ఊ బా ఖిన్ మొదట నిరాకరించెను. చిత్తశుద్ధి ముఖ్యము, దేహబాధ తగ్గుట దాని వెంట రాదగిన ఫలము మాత్రమే యని తెలిపి, 1955లో శిష్యునిగా స్వీకరించెను. 1969లో గోయెంకా భారతదేశమునకు వచ్చి, బొంబాయిలో తన తలిదండ్రులకును మరికొందరికిని తొలి శిబిరము నడపెను. పిమ్మట నాసిక్ జిల్లాలోని ఇగత్పురి ప్రధాన కేంద్రమయ్యెను. 1994లో ఢిల్లీలోని తీహారు కారాగారమున వేయిమందికి పైబడిన ఖైదీలు ఒక్క శిబిరమున కూర్చుండిరి. మన ప్రాంతమున హైదరాబాదు సమీపాన నాగార్జునసాగరు దారిలో ధమ్మఖేత్తమును, సాగరు వద్దనే మరియొక కేంద్రమును కలవు.

ఈ శిబిరము పది దినములు. ఉదయము 4 గంటలకు గంట మ్రోగును. చంపుట, దొంగతనము, కామాచారము, అసత్యము, మత్తు అను అయిదింటిని విడుతునని అభ్యర్థి వ్రతము పట్టును. తోటివారితో మౌనము పాటించును. మొదటి మూడు దినములు ముక్కు వద్ద శ్వాసను గమనించుట, నాలుగవనాటి నుండి దేహమందలి వేదనలను రాగద్వేషములు లేక చూచుట అభ్యాసము. తుదిదినమున మైత్రీభావన, అప్పుడు మౌనము సడలును. రుసుము లేదు. వెనుకటి శిబిరములలో నేర్చినవారి దానముచేతనే క్రొత్తవారికి కూడు, వసతి సమకూరును. వంటచేసి వడ్డించువారును అట్లు నేర్చిన స్వచ్ఛంద సేవకులే. పేరు తెలియనివాడు పెట్టిన అన్నము తిని, పేరు తెలియనివారి ప్రక్కన కూర్చుండి మనస్సును శుభ్రపరచుకొనుట అచటి సహవాసము.

ఒక విశేషము. ఈ శిబిరములలో గోయెంకా ఉపదేశములు ముద్రిత ధ్వనిగానే వినిపించును. ఐనను ఆ గొంతుకను ఒంటరిగా వదలలేదు. మధ్యాహ్నవేళ సందేహములు తీర్చుటకు సహాయాచార్యులు ఎదుట కూర్చుందురు. యంత్రము చెప్పగలదు, వినలేదు. వినువాని కొరకే మనుష్యుడు కావలెను.

గురువును పరీక్షింపుడు

గురువు కావలెననుట, కనబడిన ప్రతివానికి శిరస్సు వంచుమనుట కాదు. శిష్యులు తనను సైతము పరీక్షించి చూడవలెనని బుద్ధుడు బోధించెను. ఒకని శీలము చిరకాల సహవాసమువలనను, జాగరూకతతో గమనించుటవలనను గాని తెలియదని కోసలరాజైన ప్రసేనజిత్తునకు చెప్పెను. కొంత చెప్పి కొంత పిడికిట దాచుకొను ఆచార్యముష్టి తనయందు లేదని తుదిదినములలో ఆనందునితో పలికెను. ఈ మూడును నేటికిని చాలిన ఒరగళ్లు. ప్రశ్నించినచో కోపించువాడు, రహస్యమున్నదని ఆశపెట్టువాడు, ఇల్లు, మిత్రులు, వైద్యుడు వలదనువాడు, ధనమును దేహమును అర్పింపుమనువాడు కల్యాణమిత్రుడు కాడు.

సాధనయు అందరికి ఒకే కాలమున తగదు. తీవ్రమైన మనోవ్యాధితో బాధపడువారు దీర్ఘశిబిరములకు పోరాదని ఆ కేంద్రముల వారే హెచ్చరింతురు. వారికి మొదటి కల్యాణమిత్రుడు వైద్యుడు. బాలబాలికలకు శ్వాసను గమనించు చిన్న శిబిరములు వేరుగా కలవు.

ఇపుడు మొదటి చిక్కు విడిపోవును. నడక ఎవరిది వారిదే. అందువలన ఎవరికి వారే శరణము. దారి చూపువాడును, పడినపుడు నవ్వనివారును లేనిచో నడక సాగదు. అందువలన సత్సాంగత్యమే సమస్తము.

ఉపాధ్యాయులకు ఒక కథ మిగిలియున్నది. చుల్లపంథకుడను భిక్షువు నాలుగు మాసములలో ఒక్క గాథను కంఠస్థము చేయలేకపోయెను. అతనిని పొమ్మన్నవాడు పరాయివాడు కాదు. స్వయముగా అన్నయు, విద్వాంసుడునైన మహాపంథకుడు. గుమ్మమువద్ద ఏడ్చుచున్న అతనికి బుద్ధుడు తెల్లని గుడ్డ ముక్క నిచ్చి, మురికిని పోగొట్టునదని అర్థము వచ్చు ఒక్క మాటను ఉచ్చరించుచు దానిని చేత రుద్దుచుండుమనెను. గుడ్డ మాసిపోవుట చూచి చుల్లపంథకుడు అనిత్యమును గ్రహించెను. తుడువవలసిన మురికి లోపలి రాగద్వేషమోహములే యని తెలిసికొనెను. గాథ పట్టని బుద్ధికి గుడ్డ పట్టెను. మహాపంథకుడు చెడ్డవాడు కాడు. పాఠము ఒకటే యని తలచినవాడు. అట్టి శిష్యులు ప్రతి తరగతిలోను చివరి బల్లమీద ఒకరో ఇద్దరో ఉందురు. వారిని బయటికి పంపకముందు, వారికి పట్టు గుడ్డ యేదో వెదకిచూచుట మన వంతు.