ఊరు విడచిన వారి కథ

1947లో వెలువడిన 'పల్నాటి యుద్ధం' చలనచిత్రమును గూర్చి కొన్ని మాటలు మనవి చేసెదను. గూడవల్లి రామబ్రహ్మముగారు ప్రారంభించిన యీ చిత్రమును, 1946లో వారు కీర్తిశేషులు కాగా, ఎల్. వి. ప్రసాదుగారు పూర్తిచేసిరి. గోవిందరాజుల సుబ్బారావుగారు బ్రహ్మనాయుడుగాను, కన్నాంబగారు నాగమ్మగాను నటించిరి.

పేరునకు యుద్ధమేగాని, నా తలంపున నిది యిల్లు విడచినవారి కథ. కోడిపందెమున నోడిన మలిదేవాదులు మాచర్ల విడచి యేడేండ్లు వలసపోయిరి. గడువు తీరినపిదప తమ భాగము తమకిమ్మనిరి, గురజాలవా రీయమనిరి. రాయబారమేగిన అలరాజు, నలగామరాజునకు స్వయముగా అల్లుడయ్యును, విషమునకు బలియయ్యెను. పిమ్మట కారెంపూడి కదనరంగమయ్యెను.

పలనాటికి వలస అంతటితో తీరలేదు. 1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. నాగార్జునకొండ లోయ నీట మునిగెను. అచ్చటి ప్రాచీన కట్టడములు కొన్నింటిని కొండమీదికిని, అనుపునకును తరలించి నిలిపిరి. పల్లెలవారు మాత్రము పరాయిచోట్ల క్రొత్త గడపలు కట్టుకొనిరి. మలిదేవాదుల వలసకు గడువుండెను. వీరి వలసకు గడువే లేదు.

కుడికాలువ నీరు మన చేలకు పారుచున్నది. ఆ నీటి క్రింద నెవరి వాకిండ్లుండెనో పెద్దలైన మీరే పిల్లలకు చెప్పవలెను. మునిగిన పల్లెల పేర్లు తెలిసినవారిచే చెప్పించి, వ్రాయించి యుంచుడు.