సమ్మతి పత్రంపై నర్సు సంతకం

దేశంలో టీకాల తయారీ చరిత్ర రాసేవారు హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని, దానిని ఆనుకుని ఉన్న తార్నాకను వదిలి రాయలేరు. 1993లో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ తన తొలి పరిశోధనలను విశ్వవిద్యాలయ ప్రయోగశాలలోనూ, ఆ తరువాత సమీపంలోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ)లోనూ సాగించి, 1997లో హెపటైటిస్-బి టీకాను విడుదల చేసి, అంతవరకు దిగుమతి సరుకుగా ఖరీదు పలికిన ఆ టీకాను సామాన్యులకు అందుబాటులోకి తెచ్చింది. కొవిడ్ కాలంలో భారత్ బయోటెక్ రూపొందించిన కొవాగ్జిన్‌లో రోగనిరోధక స్పందనను పెంచడానికి కలిపే సహాయక పదార్థపు కీలక రసాయనాన్ని ఇక్కడే తయారు చేసుకునే పద్ధతిని తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలు అందించారు. అయితే టీకాను తయారు చేసినవారి గురించి వచ్చినన్ని వార్తలు, దానిని ముందుగా తాము వేయించుకుని ఆ తరువాత ఇతరులకు వేసిన నర్సుల సందేహాల గురించి రాలేదు.

ఆ సందేహాలను టీకా వ్యతిరేకత అని కొట్టిపారేయడం సరికాదు. సూది గుచ్చుకుంటే రక్తం ద్వారా సోకే హెపటైటిస్-బికి విరుగుడుగా మూడు డోసుల టీకా వేయించుకోవడం నర్సింగ్ వృత్తిలో ఏనాటి నుంచో ఉన్న ఆనవాయితీ. దానిపై పెద్దగా వివాదం లేదు, ఎందుకంటే ఆ టీకా కాపాడేది ముందుగా వేయించుకున్న మనిషినే, దాని మంచిచెడ్డలు దశాబ్దాల అనుభవంలో తేలినవే. కొవిడ్ టీకా విషయంలో ఈ రెండు ఆధారాలూ మొదట్లో అంత గట్టిగా లేవు.

2021 జనవరి 3న కొవిషీల్డ్, కొవాగ్జిన్ టీకాలకు అత్యవసర వినియోగ అనుమతి లభించింది. అంటే, పూర్తి స్థాయి ఆమోదానికి కావలసిన సమాచారమంతా చేతికి రాకముందే, మహమ్మారి తీవ్రతను బట్టి పరిమితంగా ఇచ్చే అనుమతి. జనవరి 16న ఆరోగ్య సిబ్బందితో టీకాల కార్యక్రమం మొదలైంది. కొవాగ్జిన్ మూడో దశ పరీక్షలు 25,800 మంది వాలంటీర్లతో అప్పటికింకా నడుస్తున్నందువల్ల, ఆ టీకాను క్లినికల్ ట్రయల్ పద్ధతిలో, వేయించుకునేవారి చేత సమ్మతి పత్రంపై సంతకం చేయించి ఇచ్చారు. తీవ్రమైన హాని జరిగి, అది టీకా వల్లనేనని తేలితే సంస్థ పరిహారం చెల్లిస్తుందని ఆ పత్రంలో ఉంది. కొవిషీల్డ్ వేయించుకున్నవారికి అటువంటి పత్రమూ లేదు, హామీ కూడా లేదు. ఢిల్లీలోని రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రి రెసిడెంట్ వైద్యులు తొలిరోజే తమకు కొవాగ్జిన్ బదులు కొవిషీల్డ్ ఇవ్వాలని లేఖ రాశారు. హైదరాబాదు శివార్లలో తయారైన టీకా అక్కడ వివాదమైతే, తెలంగాణలో తొలి విడతలో ఎక్కువమందికి అందింది పుణే నుంచి వచ్చిన కొవిషీల్డే. ఏ టీకా అన్నది రెండుచోట్లా సరఫరానే నిర్ణయించింది తప్ప వేయించుకునేవారు కాదు.

ఆ రోజుల్లోనే నిర్మల్ జిల్లాలో ఒక ఆరోగ్య సిబ్బంది, గుంటూరు జిల్లాలో ఒక ఆశా కార్యకర్త టీకా వేయించుకున్న కొద్ది రోజులకే మరణించడంతో భయం పెరిగింది. టీకా తరువాత సంభవించే ప్రతి అనారోగ్యాన్నీ నమోదు చేసి, దానికి టీకాయే కారణమా, కాకతాళీయమా అని తేల్చే నిపుణుల సంఘాలు జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయుల్లో ఉన్నాయి. కానీ వాటి నిర్ణయాలు ఆలస్యంగా, అదీ పొడిపొడిగా బయటికి రావడం వల్ల ఆ ఖాళీని వదంతులు నింపాయి. అన్ని సందేహాల మధ్యా కొవాగ్జిన్ మూడో దశ ఫలితాలు వెలువడి, లక్షణాలు కనిపించే కొవిడ్‌ను అడ్డుకోవడంలో అది 77.8 శాతం సమర్థమని తేలింది, 2021 నవంబరు 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు కూడా దక్కింది. అప్పటికి నర్సులలో అత్యధికులు టీకా వేయించుకునే ఉన్నారు.

చట్టరీత్యా టీకా స్వచ్ఛందమేనని కేంద్ర ప్రభుత్వం మొదటి నుంచీ చెబుతూ వచ్చింది. అయితే స్వచ్ఛందం అనే మాటకు పర్మినెంటు ఉద్యోగి విషయంలో ఉన్న బలం ఔట్‌సోర్సింగ్ నర్సు విషయంలో ఉండదు. హైదరాబాదులోని గాంధీ ఆసుపత్రి కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ నర్సులు 2020 జూలైలో, కొవిడ్ వార్డులు కిటకిటలాడుతున్నప్పుడే, జీతాలు, ఉద్యోగ భద్రత కోసం విధులు బహిష్కరించవలసి వచ్చింది. రెండో ఉద్ధృతి తగ్గుముఖం పట్టిన 2021 జూలైలో తెలంగాణ రాష్ట్రవ్యాప్తంగా 1,600 మందికి పైగా ఔట్‌సోర్సింగ్ నర్సులను ఒక్కసారిగా తొలగించారు. కాంట్రాక్టు పొడిగింపు పైఅధికారి చేతిలో ఉన్నవారిని పిలిచి టీకా తప్పనిసరి కాదు గాని జాబితాలో పేరు ఉండాలని చెబితే, అది రాతపూర్వక ఉత్తర్వు కన్నా బలంగా పనిచేస్తుంది. ఉత్తర్వునైతే కోర్టులో ప్రశ్నించవచ్చు, ఇటువంటి మౌఖిక ఒత్తిడికి ఆ వీలు కూడా ఉండదు.

వైద్యపరమైన మినహాయింపుల విషయానికి వస్తే, అమెరికా, బ్రిటన్‌లలో వినిపించిన వాదానికి ఇక్కడి పరిస్థితి దాదాపు తలకిందులు. అక్కడ కొందరు నర్సులు టీకా నుంచి మినహాయింపు కోరారు. ఇక్కడ నర్సులలో ఒక పెద్ద వర్గాన్ని ప్రభుత్వమే టీకాకు దూరంగా ఉంచింది. మొదటి మార్గదర్శకాల ప్రకారం గర్భిణులు, పాలిచ్చే తల్లులు టీకాకు అనర్హులు, పరీక్షల్లో వారిని చేర్చుకోలేదు గనుక సమాచారం లేదన్నది కారణం. తీవ్ర అలర్జీ ఉన్నవారు, రక్తాన్ని పలుచబరిచే మందులు వాడేవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు కొవాగ్జిన్ తీసుకోరాదని ఆ టీకా సమాచార పత్రం చెప్పింది. నర్సింగ్ అంటే ప్రధానంగా స్త్రీల వృత్తి, అందులోనూ చాలామంది పిల్లల్ని కనే వయసువారు. పాలిచ్చే తల్లులకు 2021 మే 19న, గర్భిణులకు జూలై 2న గాని అనుమతి రాలేదు. ఆ అనుమతులు రాకముందే మొదలైన రెండో ఉద్ధృతి ఏప్రిల్, మే నెలల్లో తెలుగునాట ఇళ్లనూ ఆసుపత్రులనూ అతలాకుతలం చేసింది. టీకా వేయించుకోలేని నర్సును కొవిడ్ వార్డు నుంచి తప్పించి వేరే డ్యూటీ వేయడం కూడా మినహాయింపులో భాగం కావాలి. సూది నుంచి మినహాయింపు ఇచ్చి వైరస్ నుంచి ఇవ్వకపోవడాన్ని మినహాయింపు అనడం కష్టం. ఈ మొత్తం వ్యవహారంలో అలా జరిగిన చోటే అసలైన తప్పు జరిగింది.

రెండు డోసుల తరువాత వేసే బూస్టర్‌పై చర్చకు ఆధారాలు తార్నాక నుంచి కూడా వచ్చాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, భారత్ బయోటెక్ కలిసి నగరంలోని 30 వార్డుల్లో 9,000 మందికి పైగా రక్త నమూనాలు పరీక్షించి, హైదరాబాదు జనాభాలో సుమారు 54 శాతం మందిలో కొవిడ్ ప్రతిరక్షకాలు, అంటే వైరస్‌ను గుర్తుపట్టి ఎదుర్కొనే ప్రోటీన్లు, ఉన్నట్లు 2021 మార్చిలో ప్రకటించాయి. ఆ ఏడాది జూన్, జూలైలలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేసిన జాతీయ సర్వేలో ఆరోగ్య సిబ్బందిలో 85.2 శాతం మందికి ప్రతిరక్షకాలు ఉన్నాయి. సర్వేలో పాల్గొన్న ఆ సిబ్బందిలో దాదాపు పదింట ఒకరు అప్పటికి టీకా వేయించుకోనివారు. ఒకసారి జబ్బు చేసి, రెండు డోసులూ వేయించుకున్న నర్సుకు మూడోది ఎందుకన్న ప్రశ్న అందువల్ల అసంబద్ధమేమీ కాదు. దానికి జవాబూ ఉంది: ప్రతిరక్షకాలు నెలలు గడిచేకొద్దీ తగ్గుతాయి, ఒమిక్రాన్ వంటి కొత్త రకాలు వాటిని కొంతవరకు తప్పించుకుంటాయి, మూడో డోసు తీవ్ర అనారోగ్యం రాకుండా రక్షణను మళ్లీ పెంచుతుంది.

కేంద్రం ముందుజాగ్రత్త డోసు పేరుతో 2022 జనవరి 10న ఆరోగ్య సిబ్బందికి మూడో డోసు ప్రారంభించి, రెండో డోసు తరువాత తొమ్మిది నెలల వ్యవధి పెట్టి, ముందు వేసిన టీకానే మళ్లీ వేయాలంది. అదే నెలలో గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో వైద్యులు, సిబ్బంది పెద్ద సంఖ్యలో ఒమిక్రాన్ అలలో జబ్బుపడ్డారు. టీకా వేయించుకున్నా సోకుతుంది, ఇతరులకూ అంటుతుంది అని అప్పుడు కళ్లారా కనిపించింది. రోగులను కాపాడటానికి నర్సు టీకా వేయించుకోవాలన్న వాదం అక్కడ బలహీనపడింది, నర్సును కాపాడటానికి వేయించుకోవాలన్న వాదం నిలిచింది. ఈ తేడాను అధికారులు సూటిగా చెప్పి ఉంటే నమ్మకం పెరిగేది. వ్యవధిని ఆరు నెలలకు తగ్గించింది జూలైలో; హైదరాబాదుకే చెందిన బయోలాజికల్-ఇ తయారీ కోర్బెవ్యాక్స్‌ను వేరే టీకా తీసుకున్నవారికి మూడో డోసుగా అనుమతించింది ఆగస్టులో.

టీకా నిర్బంధాన్ని సవాలు చేసిన జాకబ్ పులియెల్ కేసులో 2022 మే 2న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. జస్టిస్ ఎల్.నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్.గవాయ్ ల ధర్మాసనం, శరీరంపై వ్యక్తికున్న హక్కు రాజ్యాంగం 21వ అధికరణం కిందికి వస్తుందని, ఎవరినీ బలవంతంగా టీకా వేయించుకోమనరాదని, అయితే ప్రజారోగ్యం కోసం సహేతుకమైన పరిమితులు విధించే అధికారం ప్రభుత్వానికి ఉందని చెప్పింది. కేసులు తక్కువగా ఉన్న ఆనాటి పరిస్థితిలో టీకా వేయించుకోనివారిపై ఉన్న ఆంక్షలు సమంజసం కావంది. ప్రతికూల ప్రభావాలను ప్రజలు, వైద్యులు నేరుగా నమోదు చేసే వేదిక ఉండాలంది. అమెరికా సుప్రీంకోర్టు అదే ఏడాది జనవరిలో, వైద్య, మత కారణాలపై మినహాయింపులకు చోటు ఉంచుతూ, ఆసుపత్రి సిబ్బందికి టీకా నిబంధనను 5-4 మెజారిటీతో నిలబెట్టింది. ఇంగ్లండ్ ఆసుపత్రి సిబ్బందికి తలపెట్టిన నిర్బంధాన్ని అమలుకు ముందే, మార్చిలో ఉపసంహరించుకుంది. మూడు దేశాలూ మూడు దారులు పట్టాయి.

తార్నాకలోని ఆర్టీసీ ఆసుపత్రి మొదలు గాంధీ దాకా నగరంలోని ప్రతి ఆసుపత్రీ, ప్రతి నర్సింగ్ కళాశాలా తదుపరి మహమ్మారి రాకముందే ఒక చిన్న పత్రం సిద్ధం చేసుకోవాలి. ఏ పరిస్థితిలో టీకా తప్పనిసరో, మినహాయింపు ఎవరు ఇస్తారో, మినహాయింపు పొందిన నర్సుకు ఏ డ్యూటీ వేస్తారో, డోసు తరువాత జ్వరం వస్తే జీతంతో సెలవు ఉందో లేదో, హాని జరిగితే పరిహారం ఎవరు చెల్లిస్తారో అందులో ఉండాలి. అది ఔట్‌సోర్సింగ్ నర్సుకూ వర్తించాలి, రాసేటప్పుడు నర్సుల ప్రతినిధులు ఆ బల్ల దగ్గర కూర్చోవాలి.