గింజను కాచిన కవచం

శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగంలో కొలువైన మధుకేశ్వరుడి పేరులోనే ఒక చెట్టు ఉంది. మధూకం అంటే ఇప్పచెట్టు. స్వామి ఇప్పమానులోనే వెలిశాడని స్థలపురాణం చెబుతుంది. శివరాత్రి ఉత్సవాల్లో చక్రతీర్థ స్నానానికి వంశధార నది ఒడ్డు జనంతో నిండిపోతుంది. అప్పుడు కొట్టే కొబ్బరికాయలకు లెక్క ఉండదు. నీళ్లు స్వామికి, చిప్ప భక్తుడి చేతికి. ఒలిచిన పీచు మాత్రం ఒక మూలకు చేరుతుంది.

ఆ మూలకు చేరిన పీచు దేనికి పనికొస్తుంది? దీని గురించే కాదు, మనం పారేసే ప్రతి తొక్క గురించీ, డొక్క గురించీ ఈ ప్రశ్న వేయవచ్చు. జవాబు దొరకాలంటే ముందు ఇంకో ప్రశ్న వేయాలి: చెట్టు దీన్ని ఎందుకు చేసుకుంది?

కొబ్బరికాయ సముద్రంలో పడి కొట్టుకుపోయి, ఏదో ఒడ్డున మొలకెత్తగలదు. కాయను తేల్చేదీ, ఉప్పునీళ్ల నుంచి గింజను కాచేదీ పీచే. ఆ పీచులో లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఎక్కువ. కర్రకు గట్టిదనం ఇచ్చేదీ, చీడలకూ కుళ్లుకూ అంత తేలిగ్గా లొంగనిదీ అదే. కాయను కాచిన ఆ గుణమే తాడుకూ, పట్టాకూ, బ్రష్షుకూ పనికొచ్చింది. నదిగట్లు కోసుకుపోకుండా పీచుతో నేసిన వలలు పరుస్తారు. గడ్డి వేళ్లూనేదాకా వల మట్టిని పట్టి ఉంచుతుంది, ఆ తరవాత అదే మట్టిలో కలిసిపోతుంది.

కొబ్బరి డొక్కలో పీచు సుమారు మూడోవంతే. మిగిలిందంతా పొట్టు. ఈ పొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పీల్చి పట్టుకుంటుంది. అందుకే నారుమళ్లకూ, మిద్దెమీది కుండీలకూ వాడుతున్నారు. అయితే అందులో ఉప్పు ఉంటుంది. రెండు మూడు సార్లు మంచినీళ్లలో నానబెట్టి పిండాకే మొక్కకు వేయాలి.

జీడిపిక్క దారి వేరు. పలాస, కాశీబుగ్గల్లో పిక్కలు కొట్టే ఆడవాళ్లు చేతులకు నూనె రాసుకుంటారు. తొక్క పొరల మధ్య తేనెపట్టు లాంటి గదుల్లో చర్మాన్ని కాల్చే నల్లటి జిగురు దాగి ఉంటుంది మరి. పప్పు జోలికి పురుగు రాకుండా చెట్టు పెట్టుకున్న కాపలా అది. తొక్క బరువులో దాదాపు పావువంతు ఆ నూనే. దీన్ని వేడిచేసి, మరికొన్ని రసాయనాలతో కలిపితే గట్టి రెజిన్ అవుతుంది. వేడికీ రాపిడికీ తట్టుకుంటుంది కాబట్టి వాహనాల బ్రేకు లైనింగుల్లో చేరుతుంది. తుప్పు పట్టనివ్వని రంగుల్లోనూ వాడతారు. చాకలి బట్టల మీద చెరగని గుర్తు పెట్టిన నల్లజీడి రసం కూడా ఈ కుటుంబానిదే.

వరిగింజ తన కవచాన్ని ఇసుకతో కట్టుకుంది. ఇసుకలో ఉండే సిలికానే వరి మొక్క నేల నుంచి పీల్చి ఊకలో దాచుకుంటుంది. 100 కిలోల ధాన్యం ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక వస్తుంది. దాన్ని కాలిస్తే దాదాపు 4 కిలోల బూడిద మిగులుతుంది. అందులో ఎక్కువ భాగం సిలికాయే. సిమెంటులో తగుపాళ్లలో కలిపితే కాంక్రీటు గట్టిపడుతుంది. మన అవ్వలకు సిలికా అన్న పేరు తెలియదు గానీ, ఊక బూడిదతో పళ్లు తోమారు, గిన్నెలు తోమారు. కొబ్బరిపీచు రాపిడి, చింతపండు పులుపు, బూడిద గరుకు కలిస్తేనే ఇత్తడి బిందె మెరిసింది. ఆ మూడూ వంటింట్లో మిగిలినవే.

పారేసేదాంట్లో పనికొచ్చేదాన్ని వెతికే ఈ చూపు చెట్ల దగ్గరే ఆగలేదు. పొందూరు ఖద్దరు కోసం పత్తిని శుభ్రం చేసే దువ్వెన వాలుగ చేప దవడ. ఎరను జారనివ్వకుండా పట్టుకునేందుకు చేపకు మొలిచిన సన్నటి పళ్లు, పత్తిలోని నలుసును కూడా వదలవు. తిన్నాక పారేసే ఎముకలో పనిముట్టును చూసిన కళ్లకు మొక్కాలి.

అయితే సహజమైనదంతా మంచిదే అనుకోకూడదు. ఇప్పగింజల నూనె తీశాక మిగిలిన పిండి నురగనిచ్చి మురికిని వదిలిస్తుంది. అదే పిండి చెరువులో కలిస్తే చేపలు చచ్చిపోతాయి. కొబ్బరి డొక్కలను నిలవనీటిలో ఊరబెడితే ఆ నీరు కుళ్లుతుంది. జీడితొక్కల పొగ కళ్లకూ ఊపిరికీ చేటు. పీచుతో చేసినదే అయినా ప్లాస్టిక్ జిగురుతో అతికిస్తే అది మట్టిలో కలవదు. అందుకని కొనేముందు రెండు సంగతులు అడగాలి: ఇది ఎన్నాళ్లు ఉండాలి? దీన్ని దేనితో అతికించారు? ఒక పూట భోజనానికి సీతంపేట కొండల అడ్డాకు విస్తరి చాలు, మర్నాటికి అది పెంటలో ఎరువు. ఏళ్ల తరబడి అరగకూడని బ్రేకుకు మాత్రం జీడినూనె రెజినే సరి. రెండూ మొక్కల నుంచి పుట్టినవే, దేని పని దానిది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం ప్రాంతంలోని కొబ్బరి, జీడి తోటలను కూల్చేసింది. కొత్త కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అన్నాళ్లు ఆగాల్సిన రైతుకు కాయతోపాటు డొక్కా, పప్పుతోపాటు తొక్కా డబ్బు తేవాలి. ఆ డబ్బు ఆ ఊళ్లోనే పుట్టాలంటే పీచు తీసే యంత్రమూ, దాన్ని నడిపే చేతులూ అక్కడే ఉండాలి. అన్నిటికన్నా ముందు పీచును తడిచెత్తలో, పాలిథిన్ సంచుల్లో కలిపేయకుండా విడిగా, పొడిగా ఉంచాలి. కలిసిపోయాక ఏ యంత్రమూ దాన్ని బాగుచేయలేదు.

వచ్చే శివరాత్రికి ముఖలింగంలో పీచుకంటూ ఒక గంప విడిగా పెడితే, ఈ పని అక్కడే మొదలవుతుంది. సముద్రాన్ని దాటించి గింజను కాచిన కవచం అది. వంశధార గట్టును కూడా కాస్తుంది.